కైఫీయతుల మెకంజీ

మన క్లబ్‌లో జీవిత చరిత్రలంటే ఎక్కువగా కవులవే వస్తుంటాయి. నేను ఈసారి ఒక ఇంజనీరు గురించి రాస్తున్నా. ఆయన తెలుగువాడు కాదు, తెలుగు సరిగ్గా వచ్చినవాడూ కాదు. కానీ మన ఊళ్ళ పుట్టుపూర్వోత్తరాలు, వాటిని ఏలిన వంశాల వరుసలు, కరణాల పేర్లు, గుడి మాన్యాల లెక్కలు ఈ రోజు చదవగలుగుతున్నామంటే అందులో పెద్ద వాటా ఆయనది, ఆయన దగ్గర పనిచేసిన మనవాళ్ళది. పేరు కాలిన్ మెకంజీ. భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్. తెలుగు చరిత్ర చదివేవాళ్ళకు మాత్రం కైఫీయతుల మెకంజీ.

1754లో స్కాట్లండ్‌కి పడమరగా ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే చిన్న రేవు పట్నంలో పుట్టాడు. తండ్రి వ్యాపారి, ఆ ఊరి పోస్ట్‌మాస్టర్ కూడా. కొడుకు మొదట అక్కడే కస్టమ్స్ ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం చేశాడు. ఓడలో ఏం దిగింది, ఎవరిది, ఎంత సుంకం, ఇదీ పని. తర్వాత ఆయన జీవితమంతా చేసింది కూడా ఒకలాంటి లెక్క రాయించడమే కాబట్టి ఈ ఉద్యోగాన్ని చిన్నదిగా చూడలేం.

ఆయన్ని ఇండియా వైపు లాగింది గణితం. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ మనకి ఇంటర్‌లోనే తెలుసు కదా. ఆ వంశంలోని ఒక నేపియర్ ప్రభువు తమ పూర్వీకుడి జీవిత చరిత్ర రాద్దామనుకున్నాడు. దానికోసం హిందువుల గణితం గురించి వివరాలు కావాలి, ఆ సమాచారం సేకరించడంలో యువకుడైన మెకంజీ సాయం చేశాడు. అంటే మన కథ మొదలయ్యేది కూడా ఒక కుటుంబం తన పూర్వీకుణ్ణి వెతుక్కోవడంతోనే.

1783లో మద్రాసులో దిగి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా చేరాడు. అప్పటికి వయసు ముప్ఫైకి దగ్గర. అందరూ పదిహేను, పదహారేళ్ళకే వచ్చి చేరే ఉద్యోగంలో అది బాగా ఆలస్యమే. నేపియర్ ప్రభువు కూతురు హెస్టర్ అప్పుడు భర్త జాన్‌స్టన్‌తో మదురైలో ఉండేది. ఆమె ఇంట్లో అక్కడి పండితులతో పరిచయమయ్యాక, గణితం ఒక్కటే కాదు, ఈ దేశపు చరిత్ర ఆధారాలన్నీ పోగుచెయ్యాలన్న ఆలోచన గట్టిపడింది.

ఆలోచన ఉంది కానీ పదమూడేళ్ళ పాటు పని సాగలేదు. ఒకవైపు యుద్ధాలు. టిప్పు సుల్తాన్ మీద 1790 నుంచి 1792 దాకా జరిగిన యుద్ధంలో ఉన్నాడు. తర్వాత నిజాం రాజ్యంలో దారులు కొలిచి మ్యాపులు గీశాడు. మధ్యలో సిలోన్ వెళ్ళి డచ్చివాళ్ళ మీద యుద్ధంలో పాల్గొన్నాడు. రెండోది, అసలైన అడ్డంకి భాష. శాసనం కనబడుతుంది, చదవలేడు. కరణం ఎదురుగా కూర్చుంటాడు, అడగలేడు. తనకు ఇక్కడి భాషలు పట్టుబడలేదని తర్వాత ఉత్తరంలో ఆయనే ఒప్పుకున్నాడు.

1796లో సిలోన్ నుంచి తిరిగొచ్చాక ఆ అడ్డంకిని తీసేసిన మనిషి దొరికాడు. కావలి వెంకట బొర్రయ్య, ఏలూరువాడు. మా సత్తుపల్లి నుంచి చింతలపూడి మీదుగా బస్సెక్కితే పూట లోపే చేరే ఊరు ఏలూరు. బొర్రయ్యకి అప్పటికి ఇరవై ఏళ్ళు, అంటే ఇది చదువుతున్న మనలో చాలామంది వయసే. తెలుగు, సంస్కృతంతో పాటు ఇంగ్లీషు, పారశీకం, హిందుస్తానీ నేర్చుకుని ఉన్నాడు. మెకంజీ దగ్గర దుభాషిగా చేరాడు.

దుభాషి అంటే మాట అటు ఇటు మార్చి చెప్పేవాడని మాత్రమే అనుకుంటాం. బొర్రయ్య చేసింది అంతకు మించిన పని. ఏ ఊరికి ఎవరిని పంపాలి, అక్కడ ఎవరిని అడగాలి, ఏమేం అడగాలి, ఏ కాగితం దాచి ఉంచుతారు, ఇవన్నీ ఆయన బుర్రలోంచి వచ్చినవి. మన భాషలో చెప్పాలంటే ఐడియా మెకంజీది, సిస్టమ్ డిజైన్ బొర్రయ్యది. ఎవరూ చదవలేక వదిలేసిన హళగన్నడ లిపిని పట్టుబట్టి చదివాడు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడి సమయంలో మెకంజీ వెంటే ఉన్నాడు. జైనుల గురించి ఆయన సేకరించి అనువదించిన వ్యాసం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో 1807లో అచ్చయింది. అచ్చు చూసుకోవడానికి ఆయన లేడు. 1803లో మద్రాసులో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు. మెకంజీ ఆయన జ్ఞాపకార్థం మద్రాసు సముద్రతీరంలో ఒక కట్టడం కట్టించాడు. కంపెనీ దొర తన కింద పనిచేసిన దేశీయుడికి స్మారకం కట్టించడం ఆ రోజుల్లో రోజూ జరిగే పని కాదు.

టిప్పు పతనమయ్యాక మైసూరు రాజ్యాన్ని కొలిచే పని మెకంజీకి అప్పజెప్పారు. దాదాపు పదేళ్ళు పట్టింది, 40,000 చదరపు మైళ్ళకు పైనే. కంపెనీకి కావలసింది మ్యాపు. ఎంత భూమి, ఎక్కడ ఏరు, ఎక్కడ కోట, ఎంత పన్ను రాబట్టొచ్చు. మెకంజీ మాత్రం గొలుసుతో భూమి కొలిచేవాళ్ళ వెనకే తన మనుషులను కూడా పంపించాడు. వాళ్ళ పని ఊరి కథ రాసుకురావడం. బొర్రయ్య పోయాక ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఈ బృందానికి పెద్ద అయ్యాడు. ఇంకో తమ్ముడు రామస్వామి కూడా ఇందులోనే పనిచేశాడు, తర్వాత దక్కను కవుల జీవితాల మీద 1829లో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. బొర్రయ్య గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం ఆ పుస్తకంలో తమ్ముడు రాసిపెట్టినదే. నారాయణరావు, ఆనందరావు, శ్రీనివాసయ్య, జైన పండితుడు ధర్మయ్య, ఇలా ఒక్కొక్కరూ ఒక్కో ప్రాంతం తిరిగారు.

వాళ్ళు రాసుకొచ్చిన ఊరి వివరాన్నే కైఫీయతు అంటాం. మాట అరబ్బీ, పారశీకాల నుంచి మన కచేరీల్లోకి వచ్చింది. స్థితి, వివరం అని అర్థం. ఒక కైఫీయతు తెరిస్తే మామూలుగా ఇలా ఉంటుంది. ఈ ఊరికి ఈ పేరు ఎలా వచ్చింది, అడవి కొట్టించి ఊరు కట్టించినవారు ఎవరు, ఏ రాజు కాలంలో ఎవరికి అగ్రహారం ఇచ్చారు, గుడి ఎవరు కట్టించారు, దానికి మాన్యం ఎంత, కరణీకం ఏ ఇంటిపేరువాళ్ళది, వాళ్ళ గోత్రం ఏమిటి, గజపతుల తర్వాత ఎవరు, రాయల తర్వాత ఎవరు, తురకల ఏలుబడిలో ఏమైంది, కుంఫిణీ చేతికి ఎలా వచ్చింది. కొన్ని రెండు పేజీల్లో ముగుస్తాయి, కొన్ని పుస్తకమంత ఉంటాయి.

ఈ వివరాలు మూడు చోట్ల నుంచి వచ్చేవి. మొదటిది కవిలె. కరణాల ఇళ్ళలో తరతరాలుగా పెట్టెల్లో ఉండే లెక్కల కట్టలు. దండకవిలె అన్న పేరు వినే ఉంటారు. రెండోది శాసనం. గుడి గోడ మీదో, ఊరి బయట నిలబెట్టిన రాతి మీదో, రాగిరేకు మీదో ఉంటుంది. మూడోది పెద్దల నోటి మాట. ఈ మూడింటికీ మూడు రకాల జబ్బులున్నాయి. కవిలె కరణం చేతిలో ఉంటుంది, తన మిరాశీ హక్కు నిలబెట్టుకోవడానికి ఆయన పూర్వీకుణ్ణి ఓ రెండొందల ఏళ్ళు వెనక్కి జరపగలడు. శాసనం అబద్ధమాడటం తక్కువే, కానీ దానం చేసినవాడి గొప్పే చెబుతుంది. పెద్దల మాటలో వరుస బాగానే ఉంటుంది, ఏడాది ఉండదు. అందుకే మెకంజీ పద్ధతిలో ఏ ఒక్కదాన్నీ నమ్మి ఊరుకోవడం లేదు. వంశావళిలో పేర్లు కవిలె నుంచి తీసుకుని, సంవత్సరాలు శాసనం నుంచి తీసుకుని, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే. మనం రెండు టేబుల్స్‌ని జాయిన్ చేసేటప్పుడు రెంటిలోనూ ఉన్న కాలమ్ కోసం వెతుకుతాం కదా. అక్కడ ఆ కాలమ్ రాజు పేరు, శక సంవత్సరం. చరిత్రకారులు తర్వాత మన రాజవంశాల వరుసలు సరిచేసింది ఈ దారిలోనే.

ఈ పని ఊళ్ళలో తేలిగ్గా జరగలేదు. కుంఫిణీ మనిషి వచ్చి పాత లెక్కలు చూపించమంటే ఎవరికైనా భయమే. మాన్యం ఎక్కడ రద్దవుతుందో, పన్ను ఎక్కడ పెరుగుతుందో అని కట్టలు దాచేసేవాళ్ళు. ఆ భయంలో నిజం లేకపోలేదు. సర్వే చేయించింది ఊరి చరిత్ర మీద ప్రేమతో కాదు, రాజ్యం కోసం. ఒకే గుర్రం మీద రెండు పనులూ ఊరేగాయి. మెకంజీని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టకూడదని నాకనిపిస్తుంది.

అమరావతి గురించి చెప్పకుండా ఈయన కథ పూర్తి కాదు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టిస్తుండగా దిబ్బలో చెక్కడాల రాళ్ళు బయటపడ్డాయి. 1798లో మెకంజీ వెళ్ళి చూశాడు. మళ్ళీ 1816లో వెళ్ళి బృందాన్ని కూర్చోబెట్టి రాళ్ళకు బొమ్మలు గీయించాడు. ఆ తర్వాత కాలంలో చాలా రాళ్ళు చెదిరిపోయాయి, కొన్ని మద్రాసుకీ లండన్‌కీ వెళ్ళాయి, కొన్ని అసలు కనిపించకుండానే పోయాయి. పోయినవాటికి మిగిలింది ఆ బొమ్మలే. బ్యాకప్ విలువ అసలు ఫైలు పోయిన రోజే తెలుస్తుంది.

1811లో జావా యుద్ధానికి వెళ్ళి రెండేళ్ళు ఉన్నాడు, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. 1815లో భారత సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ పదవితో 1817లో కలకత్తా చేరాడు, లక్ష్మయ్యతో సహా కొందరు తెలుగువాళ్ళు వెంట వెళ్ళారు. పోగుచేసినదంతా క్రమంలో పెట్టి కేటలాగు రాయాలని ఆయన ఆశ. కుదరలేదు. 1821 మే 8న హుగ్లీ నది మీద పడవలో చనిపోయాడు. కలకత్తా సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో సమాధి చేశారు. స్టోర్నోవే నుంచి బయల్దేరిన మనిషి ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటికి వెళ్ళలేదు. ఇన్ని వంశాల కథలు రాయించినవాడు సొంతవాళ్ళకి ఉత్తరాల్లోనే మిగిలాడు.

ఆయన వదిలివెళ్ళిన దాన్ని కంపెనీ లక్ష రూపాయలకు ఆయన భార్య దగ్గర కొనుక్కుంది. విల్సన్ అనే పండితుడు 1828లో కేటలాగు అచ్చువేశాడు. అందులోని లెక్క చూడండి: 1,568 గ్రంథాలు, 8,076 శాసన ప్రతులు, 6,218 నాణేలు, 2,630 బొమ్మలు. దక్షిణాది భాషల కట్టలు మద్రాసుకు తిరిగొచ్చాయి, బొమ్మలూ ఇంగ్లీషు కాగితాలూ చాలామటుకు లండన్ వెళ్ళాయి. మద్రాసులో చెదలు పట్టబోతున్న తెలుగు కైఫీయతులకు బ్రౌన్ దొర శుభ్రంగా నకళ్ళు రాయించాడు. ఇప్పుడవి చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. గుంటూరు, కడప జిల్లాలవి పుస్తకాలుగా కూడా వచ్చాయి. కడపవి వేసింది సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం.

మెకంజీ పోయాక ఈ పని తనకు అప్పగిస్తే కొనసాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. పాతికేళ్ళకు పైగా ఆ పనిలోనే ఉన్న మనిషి. 1836లో జేమ్స్ ప్రిన్సెప్ ఉన్న కమిటీ కుదరదంది. కారణం చదివితే మండుతుంది. కాగితాలు సేకరించడం దేశీయుడికి చేతనవుతుంది కానీ వాటిని విమర్శించి చూసే బుద్ధి ఉండదట. పని టేలర్ అనే పాదరీకి ఇచ్చారు. హళగన్నడ చదివిన అన్నకి తమ్ముడు లక్ష్మయ్య!

ఈ అన్నదమ్ముల్ని ఇప్పుడు మీరు వెతికి చూడండి, ఇంకో తమాషా తెలుస్తుంది. పాత ఇంగ్లీషు కాగితాల్లో కావలి అని కొడితే దొరకరు. కావెల్లీ అని ఉంటుంది. బొర్రయ్య బోరియా అయ్యాడు. లక్ష్మయ్య ఒకచోట లచ్మయ్య, ఇంకోచోట లెచ్మియా. ఇంటిపేరు, పేరు రెండూ మారిపోయిన మనిషి మొదటి సెర్చ్‌లో దొరకడు, లేడని అనుకుని వదిలేస్తాం. పోయినవాళ్ళను రికార్డుల్లో వెతికేవాళ్ళు ఎవరైనా ముందు నేర్చుకోవలసింది ఇదే. రాసినవాడి చెవికి పేరు ఎలా వినబడి ఉంటుందో ఊహించి వెతకాలి.

ఇదంతా నేను పరీక్షల కోసం చదవలేదు. మా ముత్తాత తమ్ముడు ఒకాయన రజాకార్ల కాలంలో సరిహద్దు దాటి కృష్ణా జిల్లా వైపు వెళ్ళాడు. మా సత్తుపల్లి నిజాం రాజ్యం చివర ఉండేది, కొద్ది మైళ్ళు నడిస్తే నిజాం ఏలుబడి దాటినట్టే. ప్రాణభయంతో అలా దాటినవాళ్ళు చాలామందే. పోలీసు చర్య అయిపోయాక ఎక్కువమంది తిరిగొచ్చారు, ఆయన రాలేదు. మా ఇంట్లో ఆయన గురించి ఉన్నది ఒక పేరు, ఒక దిక్కు. అంతే. పోయిన సెలవుల్లో మెకంజీ మూడు ఆధారాల పద్ధతినే పట్టుకున్నా. కాగితం వైపు 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించాం. అందులో పట్టాదారుగా అన్నదమ్ములిద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ తర్వాతి పహాణీలో మా ముత్తాత పేరొక్కటే ఉంది. అంటే ఊరు వదిలిన ఆరేడేళ్ళకి కూడా కాగితం మీద ఆయన ఊళ్ళోనే ఉన్నాడు. నోటి మాట వైపు మా నాయనమ్మ చెప్పిన ఒక్క వివరం పనికొచ్చింది, ఆయన భార్య పుట్టిల్లు తిరువూరు పక్కన అని. ఆ ఊరు పట్టుకుని పాత ఓటర్ల జాబితా తీస్తే మా ఇంటిపేరుతో ఇద్దరు కనిపించారు, తండ్రి పేరు గడిలో మాకు తెలిసిన పేరే ఉంది. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు ఎంతమందైనా ఉంటారు కాబట్టి దొరికారని ఇంకా అనడం లేదు. గోత్రం కలవాలి, మా ముత్తాత పేరు వాళ్ళ ఇంట్లో కూడా చెప్పుకుంటూ ఉండాలి. ఓటర్ల జాబితా చేసేది అంతవరకే, మిగతాది వెళ్ళి గుమ్మం ముందు నిలబడితేనే తెలుస్తుంది.

ఇక్కడ నాకు ఇంకో సంగతి కొట్టొచ్చినట్టు కనపడింది. దారి చూపించింది మా నాయనమ్మ మాట, కానీ ఆ దారికి మూలమైన ఆడమనిషి పేరు ఏ పహాణీలోనూ లేదు. కైఫీయతుల్లోనూ అంతే. కరణం చెప్పినవి కాబట్టి కరణాలు, రెడ్లు, దేశముఖులు, దానం పుచ్చుకున్నవాళ్ళు నిండా ఉంటారు. మాల మాదిగ పల్లెలు లెక్కలో ఉంటాయి, పేర్లతో ఉండవు. ఆడవాళ్ళు దానం చేసిన రాణులైతేనే ఉంటారు.

మా అడవి అంచున కోయలకి ఈ కవిలెలతో పనే లేదు. వాళ్ళ గట్లు, ఇంటిపేర్లు, ఇలవేల్పులు, ఎవరి తర్వాత ఎవరన్నది డోలీలు పాడతారు. ఎదురుగా పడిగె కట్టి ఉంటుంది. గుడ్డ మీద బొమ్మల వరుసే వాళ్ళకి వంశావళి. మైదానం ఊళ్ళలో వంశరాజులు వచ్చి ఇంటి గోత్రం, ముందు తరాల పేర్లు చెప్పి ధాన్యం పట్టుకెళ్ళేవాళ్ళని మా తాతయ్య అంటుండేవాడు. ఇప్పుడు ఏళ్ళ తరబడి వాళ్ళు రావడం లేదు. ఆ వరుస అంతా ఎవరో ఒక ముసలాయన బుర్రలో ఉండి ఉంటుంది, రెండో కాపీ ఉండదు.

టామస్ హికీ 1816లో వేసిన మెకంజీ చిత్రం నెట్‌లో దొరుకుతుంది, చూడండి. ఎర్రకోటులో ఆయన నిలబడి ఉంటాడు. చుట్టూ మన దేశపువాళ్ళు ముగ్గురు. ధర్మయ్య చేతిలో తాటాకులు, జవాను చేతిలో టెలిస్కోపు. ఆ కాలపు దొరల చిత్రాల్లో పక్కన నిలబడ్డ మనవాళ్ళు ఎవరో మామూలుగా మనకి తెలియదు. ఇందులో వాళ్ళ పేర్లు మనకి తెలుసు, ఎందుకంటే ఎవరో ఒకరు రాసిపెట్టారు. బొర్రయ్య మాత్రం అందులో లేడు. బొమ్మ వేసేనాటికి ఆయన పోయి పదమూడేళ్ళయింది.